పాత జోడుగొట్టం తుపాకీకి ఏ లైటు, ఏ తూటా? (కాశీనగరం దగ్గర పల్లె ఇల్లు)

మహేంద్రతనయ ఒడ్డు
నమస్కారం. ఇంటి రక్షణకి నా పేర లైసెన్సున్న పన్నెండు బోరు ఉంది. సైడ్ బై సైడ్, గొట్టాలు 30 అంగుళాలు, ట్రిగ్గర్లు రెండు. ఇల్లు పెంకుటిల్లు. నడిమి హాలు పొడవు 22 అడుగులు, గదులకి అడ్డం తడికలే, వాటికి సున్నం పూత. పశువుల శాల ముప్ఫై మీటర్ల దూరం. వానాకాలంలో కరెంటు సంగతి చెప్పక్కర్లేదు.
ఆన్‌లైన్‌లో 2000 ల్యూమెన్ల "గన్ లైటు" క్లాంపుతో సహా చవగ్గా వస్తోంది. బిగించెయ్యొచ్చా? తూటా ఎల్‌జీ (పెద్ద గుళ్ళది) కొనమని కొందరు, బీబీ (చిన్న గుళ్ళది) చాలని కొందరు. ఏది మేలు?

గుణుపురం కొట్టుగది
లైటు సంగతి తర్వాత. ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, ముందుచెక్క (గొట్టాల కింద చెయ్యి పట్టే చెక్క) తీసి, గొట్టాలు విడదీయండి. తిరగేస్తే చాంబర్ల (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) కింద చదునుగా ఉండే చోట ముద్రలుంటాయి. 12-70 అనో 2¾ అనో ఉంటే 70 మిల్లీమీటర్ల చాంబరు. 65 అనో 2½ అనో ఉంటే పాత కొలత. ఏ ముద్రా కనిపించకపోతే, అరిగిపోయి చదవడానికి రాకపోతే, లైసెన్సున్న గన్‌స్మిత్ చేత చాంబరు కొలిపించాక గానీ తూటా కొనొద్దు.
చాలామంది మోసపోయేది ఇక్కడే. డబ్బా మీద రాసే పొడవు పేలిన తర్వాతి పొడవు. పేలకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి 70 తూటా 65 చాంబర్లో హాయిగా దూరుతుంది, తుపాకీ కూడా టక్కున మూసుకుంటుంది. "సరిపోయింది కదా" అనుకుంటారు. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు చాలదు. చాంబరు ముందున్న సన్నపు భాగంలోకి మూతి పొడుచుకెళ్ళి దారి ఇరుకవుతుంది, ప్రెషరు పెరుగుతుంది. మొదటి రోజే గొట్టం పగలకపోవచ్చు. ముందు బిగింపు వదులవుతుంది, మూసినా సన్నగా కదులుతుంది.

జయపురం టార్చి
లైటు గురించి నేను చెప్తా.
2000 ల్యూమెన్లన్న అంకె చూసి కొనకండి. ల్యూమెన్ అంటే మొత్తం వెలుగు. అది ఒకచోటికి ఎంత గట్టిగా వెళ్తుందో చెప్పేది క్యాండెలా. డబ్బా మీద "బీమ్ డిస్టెన్స్ 200 మీటర్లు" అని ఉంటే అది క్యాండెలా నుంచి కట్టిన లెక్కే: క్యాండెలాకి వర్గమూలం తీసి రెండుతో గుణిస్తారు. 10,000 క్యాండెలాకి 200 మీటర్లు. ఆ 200 దగ్గర పడే వెలుగు పావు లక్స్, పున్నమి వెన్నెలంత. మనిషి ఆకారం తెలుస్తుంది, ఎవరో తెలీదు.
మీ శాలకి లెక్క కడదాం. దూరం 30 మీటర్లు, దాని వర్గం 900, క్యాండెలాని దాంతో భాగిస్తే లక్స్. 10,000 క్యాండెలా అయితే అక్కడ 11 లక్స్ పడుతుంది. ముఖం గుర్తుపట్టొచ్చు, చేతిలో ఉన్నది కర్రో సెల్‌ఫోనో తెలుస్తుంది. 2,500 క్యాండెలాది మూడు లక్స్ లోపే ఇస్తుంది, ఆ వెలుగులో అంతా అనుమానమే.
హాల్లో కథ వేరు. సున్నం వేసిన తడిక మీద 2000 ల్యూమెన్లు పడితే ఆ తెలుపు తిరిగి మీ కళ్ళలోకే కొడుతుంది. ఇంట్లోకి 300 నుంచి 600 ల్యూమెన్లు చాలు. గొట్టం అంచు మీద కూడా వెలుగు పడి మెరిస్తే ఎదుటిది ఇంకా మసకగా కనిపిస్తుంది.

పర్లాకిమిడి మావ
క్యాండెలా, లక్స్ అన్నీ బాగున్నాయి గానీ బాబూ, అసలు ప్రశ్న ఎవరూ అడగడం లేదేటి? ఆ లైటు గొట్టానికి ఎందుకు? తుపాకీకి లైటు కట్టావంటే నువ్వు దేన్ని చూడాలన్నా దాని మీద తుపాకీ ఎక్కుపెట్టినట్టే. రాత్రి రెండింటికి దొడ్డివైపు చప్పుడైతే అది దొంగ కావచ్చు, బహిర్భూమికి లేచిన ముసలమ్మ కావచ్చు, పక్కింటి కుర్రాడు కావచ్చు. చూడ్డానికి చేతి టార్చి ఉండాల. తుపాకీ ఆ తర్వాత మాట.
ఇంకో మాట. శాల చూరుకి పన్నెండు వాట్ల ఎల్ఈడీ ఒకటి, వాకిట్లో ఒకటి పెట్టి, రెండింటి స్విచ్చి మంచం పక్కకి లాగించు. కరెంటు పోతే పనిచెయ్యడానికి ఇన్వర్టరు లైను మీదే వేయించు. వెలుగు వాడి మీద పడుతుంది, నువ్వు చీకట్లో ఉంటావు. గొట్టానికి కట్టిన లైటయితే నువ్వెక్కడున్నావో వాడికి చెప్పేస్తుంది.

జయపురం టార్చి
మావ గారి మాటతో నాకు పేచీ లేదు, బయటి లైట్లే ముందు. కానీ జోడుగొట్టం పట్టుకోడానికి రెండు చేతులూ కావాలి. తలుపు గడియ తీయడం, టార్చి పట్టడం, తుపాకీ మొయ్యడం మూడూ ఒకేసారి జరగవు. అందుకే గొట్టం మీది లైటు కొందరికి అవసరం. అది ఉన్నా చేతి టార్చి తప్పనిసరి, వెతకడానికి వాడాల్సింది అదే.

రాయగడ రైలుకట్ట
ఆ చవక క్లాంపు జోడుగొట్టానికి పట్టదు. అవి పంప్ యాక్షన్ (ముందుచెక్క వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే తుపాకీ) కింద ఉండే మ్యాగజీన్ గొట్టానికి చేసినవి, ఒక గుండ్రటి గొట్టాన్ని పట్టుకుంటాయి. మీది పక్కపక్కన రెండు గొట్టాలు, మధ్యలో పైనా కిందా పట్టీ. ఒక గొట్టానికే బిగించాలని చూస్తే క్లాంపు దవడ ఆ పట్టీకి ఆనుతుంది. పట్టు చాలట్లేదని ఇంకో రెండు చుట్లు తిప్పుతారు. అక్కడ గొట్టం మందం ఎంతనుకున్నారు? చాంబరు దగ్గర దిట్టంగా ఉంటుంది గానీ నడిమికొచ్చేసరికి పాత తుపాకుల్లో మిల్లీమీటరు కూడా ఉండదు. అలెన్ స్క్రూ బలంగా తిప్పితే లోపల సొట్ట పడుతుంది. వెలుతురు వైపు గొట్టం పెట్టి లోపలికి చూడండి, గొట్టం లోపలి గోడ మీది వెలుగు గీతలు గుండ్రంగా, తిన్నగా ఉండాలి. ఎక్కడైనా వంకర తిరిగితే అది సొట్ట. ఆ గొట్టంతో కాల్చకూడదు.
వెల్డింగ్ షాపులో పట్టీకి పిన్ను అతికిద్దామని, చిన్న రంధ్రం వేద్దామని అస్సలు అనుకోకండి. గొట్టాలూ పట్టీలూ ఒకదానికొకటి టంకంతో అతికి ఉంటాయి. వేడి తగిలితే టంకం కరుగుతుంది, పట్టీ ఊడుతుంది. పైగా ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 5 ప్రకారం మరమ్మత్తుకీ, మార్పుకీ లైసెన్సున్నవాడే చెయ్యి పెట్టాలి. గొట్టం కోయించి పొట్టి చేయడం సెక్షన్ 6 కింద వస్తుంది. 20 అంగుళాల కంటే పొట్టిదైతే అది నిషిద్ధ కోవలోకి వెళ్ళిపోతుంది.

మహేంద్రతనయ ఒడ్డు
అంటే జోడుగొట్టానికి లైటే వద్దంటారా?

రాయగడ రైలుకట్ట
వద్దనడం లేదు. దారి ఇది: వేలు లావు, అరచేతి పొడవు టార్చి. వెనక స్విచ్చి ఉండాలి, సగం నొక్కితే వెలిగి వదిలితే ఆరిపోయే రకం. ముందుచెక్కని ఎడం చేత్తో పట్టినప్పుడు టార్చి అరచేతికీ చెక్కకీ మధ్య, గొట్టాలకి సమాంతరంగా ఉండాలి, బొటనవేలు స్విచ్చి మీద. ఖాళీ తుపాకీతో, డమ్మీ తూటాలతో పగలు సాధన చేయండి. మొదట్లో టార్చి మొహం కిందకి వాలుతుంది. మణికట్టుకి తాడు తగిలించుకోవాలంటే వదులుగా, తుపాకీ విరిచి తూటా పెట్టేటప్పుడు అడ్డం రాకుండా చూసుకోండి.

జయపురం టార్చి
టార్చి కొనేటప్పుడు చూడాల్సింది ఇంకొకటుంది. సెల్‌కి రెండు వైపులా స్ప్రింగు ఉందా, ఒకవైపేనా? పన్నెండు బోరు తన్నుకి సెల్ లోపల ముందుకీ వెనక్కీ జారుతుంది. ఒకటే స్ప్రింగు ఉంటే రెప్పపాటు కాంటాక్ట్ తెగుతుంది. చవక టార్చిల్లో హై, లో, స్ట్రోబ్ అన్ని మోడ్‌లూ ఒకే స్విచ్చి మీద ఉంటాయి కదా, ఆ రెప్పపాటుని అది స్విచ్చి నొక్కుడుగా లెక్కేస్తుంది. మొదటి పేలుడుకి హై కాస్తా లో అవుతుంది, రెండోదానికి స్ట్రోబ్ టపటపలాడుతుంది. టార్చి పాడయిందనుకుంటారు. పాడవలేదు, దాని తయారీయే అంత. ఒకే మోడ్ ఉన్నది కొనండి.
సెల్ సంగతి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్నవి 68 నుంచి 70 దాకా ఉంటాయి. పొడుగు సెల్‌కి చేసిన టార్చిలో పొట్టిది వేస్తే లోపల గిలక్కాయలా ఆడుతుంది, తన్నుకి మళ్ళీ అదే రోగం.

గుణుపురం కొట్టుగది
సెల్‌కీ 65, 70 గొడవే, తూటాకీ 65, 70 గొడవే. బాగుంది.

జయపురం టార్చి
:) అవును. నెలల తరబడి ముట్టకుండా పెట్టే టార్చికైతే సీఆర్123 లిథియం సెల్ మేలు. మూడు వోల్టులు, ఏళ్ళ తరబడి నిలవుంటుంది. రెండు పట్టే టార్చిలో ఒక కొత్తది ఒక పాతది కలిపి వేయకండి, వేడెక్కి పగిలే ప్రమాదముంది. వాటి చోట అదే సైజు రీచార్జి సెల్స్ రెండు వేస్తే ఆరు వోల్టులకి బదులు ఎనిమిది దాటుతుంది, బల్బు డ్రైవరు కాలిపోవచ్చు. మామూలు ఆల్కలైన్ పెన్సిల్ సెల్స్ వానాకాలం పెట్టెలో వదిలేస్తే కారి స్ప్రింగుని పచ్చగా తినేస్తాయి.

కోరాపుట్ మెట్టు
తూటా మాటకి రండి. మన దగ్గర వాడే పేర్లు బ్రిటిష్ వాళ్ళవి, అమెరికా వీడియోల్లో చెప్పే నంబర్లు వేరు. ఒక ఔన్సులో, అంటే 28 గ్రాముల్లో, ఎల్‌జీ గుళ్ళు 6 పడతాయి. ఎస్‌జీ 8. బీబీ సుమారు 70. నాలుగో నంబరు 170. ఎస్‌జీ గుండు 8.4 మిల్లీమీటర్లు, అమెరికా వాళ్ళ డబుల్ ఆట్ బక్ కూడా ఇంచుమించు అంతే. అంటే ఒక్కో ఎస్‌జీ గుండు మూడున్నర గ్రాములు, బీబీ గుండు 0.4 గ్రాములు. ఈ తేడా దగ్గరే అంతా ఉంది. బరువైన గుండు గోడ దాటి కూడా పోతుంది, తేలికది త్వరగా సత్తువ కోల్పోతుంది.
ఇంటి రక్షణకి నా ఓటు ఎస్‌జీకి. ఎల్‌జీ గుళ్ళు మరీ తక్కువ, తప్పిన ఒక్కొక్కటీ చాలా దూరం పోతుంది.

పర్లాకిమిడి మావ
ఎస్‌జీ అంటున్నావు సరే, ఇల్లు ఎలాంటిదో చదివావా? తడికలు! తడిక, ఆస్బెస్టాస్ రేకు, ప్లైవుడ్ తలుపు, ఇవేవీ ఎస్‌జీని ఆపవు. తడిక అవతల పిల్లలు పడుకుంటే? ఆ ఇంటికి బీబీయే ఎక్కువ. అదీ తడికని దాటుతుంది.

కోరాపుట్ మెట్టు
మావ గారూ, బీబీ కూడా దాటుతుందన్నప్పుడు తూటా మార్చి లాభమేముంది? నాలుగు మీటర్ల దూరంలో ఏ గుళ్ళయినా విడివిడిగా ఉండవు, ముద్దగా వెళ్తాయి. మార్చాల్సింది మంచాలు. ఏ గోడ వైపు గొట్టం తిరగకూడదో పగటిపూటే ఇంట్లో అందరికీ చెప్పి, పిల్లల మంచాలు ఇటుక గోడ వైపుకి జరపాలి. ఇటుక గోడనీ పూర్తిగా నమ్మొద్దు, నాలుగున్నర అంగుళాలదైతే మరీను. ఒంటిగుండు తూటా అసలు ఇంట్లో ఉంచొద్దు.

గుణుపురం కొట్టుగది
ఇద్దరి మాటా సగం సగం నిజం. బీబీ తడిక దాటాక ఎస్‌జీ కంటే త్వరగా నీరసపడుతుంది. ఎస్‌జీ దూరాన కూడా ప్రాణాంతకమే, పక్కింటి దాకా ఆలోచించాలి. ఇళ్ళు అంటుకుని ఉన్న వీధిలో నేనయితే బీబీ అంటాను. పొలం మధ్య ఒంటరి ఇల్లయితే ఎస్‌జీకి అభ్యంతరం లేదు.
"చెర్రాల (గుళ్ళ) తుపాకీ, గురి అక్కర్లేదు" అనే మాట మాత్రం మర్చిపోండి. చోక్ (గొట్టం మూతి దగ్గరి ఇరుకు) లేని గొట్టంలో పెద్ద గుళ్ళు గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయని మోటు లెక్క. మీ 22 అడుగుల హాలు ఈ చివర నుంచి ఆ చివరికి ఏడు గజాలు, అంటే జానెడు వెడల్పు. చోక్ ఉన్న గొట్టంలో ఇంకా తక్కువ. చాలా జోడుగొట్టాల్లో కుడిదానికి సగం చోక్, ఎడమదానికి ఫుల్ చోక్ ఉంటుంది. ముందు ట్రిగ్గరు కుడి గొట్టం, వెనక ట్రిగ్గరు ఎడమది.

రాయగడ రైలుకట్ట
అందుకే కుడిలో బీబీ, ఎడమలో ఎస్‌జీ పెట్టుకోమంటారు కొందరు. దగ్గరికి ఒకటి, దూరానికి ఒకటి అని.

గుణుపురం కొట్టుగది
కాగితం మీద బాగుంటుంది. చీకట్లో, గుండె దడలో, ఏ వేలు ఏ ట్రిగ్గరు మీదుందో ఎవరికి గుర్తుంటుంది? రెండింట్లోనూ ఒకటే రకం పెట్టుకోండి.
ఏది కొన్నా మీ గొట్టంతో చూసుకోవాలి. నాలుగడుగుల చదరం అట్టకి కాగితం అతికించి, నడిమన చుక్క పెట్టి, 7 మీటర్ల నుంచి ఒక్కో గొట్టంతో మూడేసి, 15 మీటర్ల నుంచి మూడేసి. ప్రతిసారీ కొత్త కాగితం. రెండు గొట్టాలూ ఒకే చోట కొడుతున్నాయా, గుళ్ళు చుక్క చుట్టూ పడ్డాయా, పైకో పక్కకో పోతున్నాయా రాసుకోండి. ఈ పని రైఫిల్ క్లబ్ రేంజిలోనే చేయండి, పొలంలో పేలిస్తే ఊరంతా థానాకి ఫోన్లు చేస్తుంది. పన్నెండు తూటాలు పోతాయి. లైసెన్సులో ఏడాదికి ఎన్ని కొనొచ్చో, ఒకసారికి దగ్గర ఎన్ని ఉంచుకోవచ్చో రెండు అంకెలుంటాయి, ఆ లెక్కలో ఇవి కూడా కలుపుకోండి.

నిర్వాహకుడు
నాటు తుపాకీకి లైటు బిగించడం గురించి వచ్చిన ప్రశ్న తీసేశాం. లైసెన్సు లేని ఆయుధం మీద ఇక్కడ చర్చ ఉండదు.

కోరాపుట్ మెట్టు
తూటాల నిల్వ గురించి ఎవరూ చెప్పలేదు. మన వైపు ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గాలి నిండా తేమే. కాగితపు గొట్టం ఉన్న పాత తూటాలు ఉబ్బుతాయి. చాంబర్లో వేస్తే సగం దిగి ఆగిపోతాయి, వాటిని నెట్టి మూయకండి, పక్కన పెట్టేయండి. ప్లాస్టిక్‌వి ఉబ్బవు గానీ ఇత్తడి అడుగు పచ్చబారుతుంది. తోలు బెల్టులో ఉంచితే ఇంకా తొందరగా, ఎందుకంటే తోలు పదును చేసిన రసాయనం ఇత్తడిని తింటుంది. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బా, లోపల సిలికా జెల్ పొట్లం, మూత మీద కొన్న తేదీ. తుపాకీని కూడా గుడ్డ సంచిలో, తోలు తొడుగులో నిల్వ ఉంచొద్దు, తేమని పట్టి ఉంచుతాయి.
ఖడ్కీ కర్మాగారం తూటాల ఇత్తడి మీద కేఎఫ్ అని ఉంటుంది. 2021 అక్టోబరు నుంచి ఆ కర్మాగారం మ్యూనిషన్స్ ఇండియా కిందికి వచ్చింది. డబ్బా మీద పేరు మారినా కంగారు పడక్కర్లేదు.

గుణుపురం కొట్టుగది
ఇంట్లో ఇరవై బోరు తుపాకీ కూడా ఉంటే దాని తూటాలు వేరే గదిలో పెట్టండి. ఇరవై బోరు తూటా పన్నెండు బోరు చాంబర్లో వేస్తే జారి ముందుకెళ్ళి ఇరుకులో ఆగుతుంది. వెనక నుంచి చూస్తే చాంబరు ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక పన్నెండుది పెట్టి కాలిస్తే గొట్టం బద్దలవుతుంది, ముందుచెక్క పట్టుకున్న చెయ్యి పోతుంది. తుపాకీ మూసే ముందు రెండు గొట్టాల్లోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూడడం అలవాటు చేసుకోవాలి.

పర్లాకిమిడి మావ
చట్టం మాట కూడా చెప్పాల. శాలలో ఎద్దుని విప్పుకుని పారిపోతున్నవాడి మీద కాలిస్తే నువ్వే ముద్దాయివి. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని సెక్షన్ 41 ప్రకారం ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా పోయే హక్కు దోపిడీకి, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడ్డానికి, ప్రాణానికో ఒంటికో పెద్ద హాని జరుగుతుందని న్యాయంగా భయపడేలా ఉన్న దొంగతనానికి, ఇలాంటి వాటికే. దాని పైన కూడా సెక్షన్ 37 ఉంది: అవసరానికి మించి హాని చెయ్యకూడదు, పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు.
ఎలుగు, ఏనుగు వచ్చాయని కూడా తుపాకీ తియ్యొద్దు. మనిషి ప్రాణం మీదికొస్తే తప్ప వన్యప్రాణి చట్టం ఊరుకోదు. బీబీతో ఎలుగుని కొడితే చావదు, గాయపడి తిరగబడుతుంది.

రాయగడ రైలుకట్ట
సరిహద్దు వాళ్ళకి ఇంకో చిక్కు. పాతపట్నం వంతెన దాటితే ఆంధ్రా. లైసెన్సు ఒడిశా వరకే రాసి ఉంటే తుపాకీ మాట అటుంచి, జేబులో రెండు తూటాలున్నా కేసే. విశాఖ డీలరు దగ్గర కొనాలన్నా ముందు లైసెన్సులో ఏరియా చూసుకోండి, చాలకపోతే కలెక్టరు ఆఫీసులో పొడిగింపుకి దరఖాస్తు పెట్టండి. కొటియా వైపు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులున్నవాళ్ళున్నారు గానీ, ఆయుధ లైసెన్సుకి యూఐఎన్ (లైసెన్సుదారు గుర్తింపు సంఖ్య) మనిషికి ఒక్కటే.
ఎన్నికలప్పుడు థానాలో జమ చెయ్యమన్నప్పుడు గొట్టాల లోపలా బయటా నూనె రాసి, రసీదులో నంబరు సరిగ్గా ఉందో చూసుకుని ఇవ్వండి. నెలల తర్వాత తిరిగొచ్చేసరికి లోపల ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. ఇంటికి రాగానే కడ్డీకి గుడ్డ చుట్టి తుడిచాకే చాంబరు చూడాలి.

మహేంద్రతనయ ఒడ్డు
గొట్టాల అడుగు చూశాను. ఎడమవైపు 12 అంకె, పక్కన 2½ అని సన్నగా ఉంది. నా దగ్గరున్న డబ్బా మీద 70 ఎం.ఎం. అని ఉంది. టార్చి కొనడం ఆపి శాలకి, వాకిటికి లైట్లు వేయిస్తున్నాను, స్విచ్చి మంచం తలవైపు.

గుణుపురం కొట్టుగది
ఆ డబ్బాలో ఒక్కటి కూడా కాల్చొద్దు. సీలు విప్పకపోతే డీలరు తిరిగి తీసుకుంటాడేమో అడగండి. తీసుకుంటే లైసెన్సు పుస్తకంలో ఆ సంఖ్య తగ్గించి రాయించుకోవడం మర్చిపోకండి. 65 తూటాలు కావాలని నోటితో చెప్పి ఊరుకోకుండా డబ్బా మీది అంకె చదివి తీసుకోండి.

జయపురం టార్చి
చేతి టార్చి మాత్రం ఒకటి కొనండి, శాల దాకా 10,000 క్యాండెలాది. నెలకోసారి ఒక రాత్రి అన్ని లైట్లూ ఆర్పి, అది పట్టుకుని హాల్లోంచి శాల దాకా చూడండి, తుపాకీ పెట్టెలోనే తాళం వేసి ఉండగా. ఏ స్తంభం నీడ ఎటు పడుతుందో, ఏ మూల అసలు కనిపించట్లేదో తెలుస్తుంది. ఆ మూలకి ఇంకో బల్బు.